గాలికి షయాన్‌లో ఆగిపోయాం: సాల్ట్ లేక్‌లో స్నేహితురాలి ఇంటికి ఏ రోజు వెళ్లడం మంచిది?

ఉప్పుగాలి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వయోమింగ్ గాలుల సంగతి తెలిసినవారు, ఇంట్లో డయాలసిస్ రోగిని చూసుకున్నవారు జవాబు ఇస్తారని రాస్తున్నాను. ఈ రెండూ ఒకే ప్రశ్నలోకి ఎందుకు వచ్చాయో చదివితే తెలుస్తుంది.

నేను, మావారు డాలస్ నుంచి 24 అడుగుల క్యాంపర్‌లో (పొయ్యి, మంచం ఉన్న ఇల్లులాంటి బండిలో) బయలుదేరాం. నేను లెక్కల టీచరుగా, ఆయన రిచర్డ్‌సన్‌లో టెలికాం ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాం. కొండలూ లోయలూ చూడాలని కాదు ఈ ప్రయాణం. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం లేడీస్ హాస్టల్లో నాతో ఉన్నవాళ్లలో ఈ దేశానికి వచ్చినవాళ్లందరి ఇళ్లకూ వెళ్లాలని, వాళ్ల వంటింట్లో కూర్చుని తీరుబడిగా మాట్లాడాలని ఎప్పటినుంచో కోరిక. పిల్లల పెళ్లిళ్లలో కలుస్తూనే ఉన్నాం. కానీ అక్కడ పట్టుచీరల మధ్య నిలబడి ఒక ఫొటో తీయించుకుని, "బాగున్నావా" అంటే "బాగున్నాను" అనుకోవడంతో సరిపోతుంది. ఎవరు నిజంగా ఎలా ఉన్నారో ఆ హాల్లో ఎలా తెలుస్తుంది?

మొదట డెన్వర్‌లో, తర్వాత ఫోర్ట్ కాలిన్స్‌లో స్నేహితురాళ్లను చూశాం. అక్కడినుంచి శనివారం బయలుదేరి, ఐ-80 రహదారి మీద పడమరకు వెళ్లి ఆదివారం సాల్ట్ లేక్ సిటీ చేరాలని అనుకున్నాం. శుక్రవారం మంచు పడింది. అది ఆగిన తర్వాత గాలి మొదలైంది. ఫోర్ట్ కాలిన్స్ స్నేహితురాలు కదలవద్దని చేతులు పట్టుకుని బతిమాలింది గానీ, వాళ్ల కాలనీ నియమాల ప్రకారం క్యాంపర్‌ను ఇంటిముందు ఉంచనివ్వరు. మా మూలంగా తనకు నోటీసు రావడం నాకు ఇష్టం లేదు. అందుకని వయోమింగ్‌లోని షయాన్ వచ్చి ఒక క్యాంపర్ పార్కులో ఆగాం. ఇప్పుడు ఆదివారం సాయంత్రం. లారమీ నుంచి రాలిన్స్ దాకా తేలికైన, ఎత్తయిన వాహనాలకు దారి మూసేశారు. కార్లు వెళుతున్నాయి, మమ్మల్ని వెళ్లనివ్వడం లేదు. గాలి కొట్టినప్పుడల్లా బండి మొత్తం ఊగుతోంది.

ఇక అసలు విషయం. సాల్ట్ లేక్‌లో ఉన్నది నా రూమ్మేటు. ఎమ్మెస్సీ మొదటి ఏడు నాకు పచ్చకామెర్లు వచ్చి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మా అమ్మ ఊరి నుంచి చేరుకునేదాకా నన్ను చూసుకున్నది తనే. ల్యాబ్ కాగానే సిటీ బస్సులో వచ్చేది. బార్లీ నీళ్లు, పలచటి మజ్జిగ స్టీలు క్యారేజీలో తెచ్చి, తాగేదాకా కదిలేది కాదు. అలాంటి మనిషి ఇప్పుడు ఇంట్లో తన భర్తను చూసుకుంటోంది. ఆయనకు కిడ్నీలు పనిచేయడం లేదు. మంగళ, గురు, శనివారాల్లో మధ్యాహ్నం డయాలసిస్. అందుకే మేము ఆది, సోమవారాలు ఉండి మంగళవారం పొద్దున వెళ్లిపోయేలా అనుకున్నాం. ఇప్పుడు దారి సోమవారం తెరిచినా, మేము చేరేది మంగళవారమే. సరిగ్గా డయాలసిస్ రోజు. ఫోనులో తను "ఏ రోజైనా రా, నువ్వు రావడమే కావాలి" అంటోంది. ఆ మాట నిజమే. కానీ అలా అనకుండా ఉండలేని మనిషి కూడా తను. అలసిపోయిన ఇంట్లోకి అతిథులుగా వెళితే, ముందు తను వంట మొదలుపెడుతుంది.

మావారు దక్షిణం నుంచి చుట్టి వెళదామంటున్నారు. అప్పుడు సాల్ట్ లేక్ తప్పిపోతుంది. అటు ఫ్రీమాంట్‌లో ఉన్నవాళ్లు వచ్చే ఆదివారం ఎలిజబెత్ చెరువు దగ్గర పార్కులో కార్తీక వనభోజనాలు పెట్టుకున్నారు. మా కోసం తేదీ జరుపుతామంటున్నారు. వాళ్లను అలా జరపనివ్వాలా? ఇక్కడే ఆగాలా, చుట్టి పోవాలా? మంగళవారం వెళ్లాలా, బుధవారం దాకా ఊరి బయట ఉండి వెళ్లాలా?

లారమీవాసి

నమస్కారమండీ. నేను ఇక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాను. ముందుగా ఒకటి చెబుతాను: కార్లను వదులుతున్నారు కదా అని మీరు ఏ దొడ్డిదారీ వెతకవద్దు. మూసిన దారిలో వెళితే ఈ రాష్ట్రంలో 750 డాలర్ల వరకు జరిమానా, 30 రోజుల వరకు జైలు కూడా ఉంది. అదీగాక ఎల్క్ మౌంటెన్, ఆర్లింగ్టన్ దగ్గర ఖాళీ ట్రెయిలర్ ఉన్న పెద్ద ట్రక్కులే పక్కకు ఒరిగిపోయి పడి ఉండటం ప్రతి చలికాలం చూస్తాం. మీ క్యాంపర్ అంతకంటే తేలిక.

ఇంత గాలి ఎందుకంటే, దక్షిణాన కొలరాడోలోనూ, ఇటు వాయవ్య వయోమింగ్‌లోనూ రాకీ పర్వతాలు చాలా ఎత్తు. మధ్యలో ఈ దక్షిణ వయోమింగ్ ఒక్కటే పల్లపు సందు. పడమటి నుంచి వచ్చే గాలి అంతా ఇందులోంచి దూరి పోవాలి. పాత 30వ నంబరు రహదారి లారమీ నుంచి ఉత్తరంగా రాక్ రివర్, మెడిసిన్ బో మీదుగా వంపు తిరిగి వెళుతుంది. ఐ-80ని వేసేటప్పుడు ఆ వంపు వదిలి, ఎల్క్ మౌంటెన్ పాదాల పక్కనుంచి అడ్డంగా వేశారు. అక్కడ పశువులు మేపుకునే పాతకాపులు, అది చలికాలంలో దారి కాదని ముందే హెచ్చరించారు. 1970 అక్టోబర్ 3న ప్రారంభించారు. కొద్ది రోజులకే మంచు తుఫాను వచ్చి మూతపడింది. దారి పొడుగునా మీకు కనిపించే పెద్ద పెద్ద చెక్క కంచెలు ఆ తర్వాతి కాలానివి. రోనాల్డ్ టాబ్లర్ అనే శాస్త్రవేత్త లెక్కలు కట్టి, మంచు రోడ్డు మీదికి రాకముందే కంచె వెనక పేరుకునేలా రూపొందించారు. అవి మంచును ఆపగలవు గానీ గాలిని ఆపలేవు.

ఇక చేయవలసింది. ఫోనులో 511 కొట్టి వినండి, లేదా రాష్ట్ర రవాణా శాఖ పటంలో చూడండి. దారి పొడుగునా చాలా చోట్ల కెమెరాలు ఉన్నాయి, గాలి వేగం కూడా అంకెల్లో కనిపిస్తుంది. సగటు వేగం కాదు, విసురు ఎంత ఉందో చూడండి. తరచుగా తెల్లవారుజామున కొంత తగ్గి, పొద్దెక్కాక పెరుగుతుంది. ఎప్పుడూ అలాగే ఉంటుందని మాత్రం అనుకోవద్దు. షయాన్ నుంచి లారమీ దాకా తెరిచి ఉంది కదా అని ముందుకు రాకండి. ఆ 50 మైళ్లలో 8,640 అడుగుల షెర్మన్ శిఖరం ఎక్కి దిగాలి. దిగాక మా ఊళ్లో ట్రక్కులన్నీ నిండిపోయి చోటు దొరకదు. షయాన్ పెద్ద ఊరు, అక్కడే ఆగండి. బండి ముక్కు గాలికి ఎదురుగా, అంటే పడమటివైపు ఉండేలా నిలపండి. ఊగడం చాలా తగ్గుతుంది.

గోదారి గట్టు

నేను ఫీనిక్స్‌లో ఉంటాను, చాలా కాలంగా క్యాంపర్ నడుపుతున్నాను. మీవారి మాటే నాదీ. షయాన్ నుంచి ఐ-25 మీద దిగి ఆల్బకర్కీ, అక్కడినుంచి ఐ-40 మీద ఫ్లాగ్‌స్టాఫ్, బార్స్టో మీదుగా వెళ్లండి. కొన్ని వందల మైళ్లు ఎక్కువే. ఫ్లాగ్‌స్టాఫ్ కూడా దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి మంచు ఉందో లేదో చూసుకోవాలి. అయినా ఈ గాలి అక్కడ ఉండదు. ఎవరైనా డెన్వర్ నుంచి ఐ-70 పట్టుకోమంటే వినకండి. ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైన, వెయిల్ కనుమ 10,662 అడుగులు. సెప్టెంబర్ నుంచి మే దాకా ఆ దారిలో టైర్ల మీద నిబంధనలు కూడా ఉంటాయి. మీ స్నేహితురాలిని డాలస్ నుంచి విమానంలో వెళ్లి తర్వాత చూడవచ్చు, మూడు గంటల ప్రయాణం.

ఆగుతానంటే మాత్రం ఈ రాత్రి జాగ్రత్తలు చెబుతాను. పార్కు కుళాయి నుంచి వచ్చే నీళ్ల గొట్టం తీసేసి లోపల పెట్టండి, అది మొదట గడ్డకడుతుంది. ట్యాంకులో నీళ్లతో నడుపుకోండి. సింకు కింద అల్మరా తలుపులు తెరిచి ఉంచితే వెచ్చటి గాలి పైపులకు తగులుతుంది. వాడిన నీళ్ల ట్యాంకులో క్యాంపర్లకని అమ్మే గులాబీరంగు యాంటీఫ్రీజ్ కొంచెం పోయండి. కార్లకు వాడేది పోయవద్దు, అది విషం. హీటరు ప్రొపేన్‌తో నడిచినా, దాని ఫ్యాను బ్యాటరీ మీదే తిరుగుతుంది, బ్యాటరీ చూసుకోండి. చలికి తట్టుకోలేక గ్యాస్ పొయ్యి వెలిగించి పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందా, ఇప్పుడే మీట నొక్కి చూడండి.

ఉప్పుగాలి

లారమీవాసి గారూ, బండి తిప్పి నిలిపాం. నిజంగానే తేడా ఉంది, మావారు అప్పుడే నిద్రపోయారు కూడా. దారి సంగతి మీరు చెప్పాక ఇక ఇక్కడినుంచి ముందుకు కదలం.

గోదారి గట్టు గారూ, గొట్టం తీసేశాను, అలారం మోగింది. కానీ విమానం మాట ఒప్పుకోలేను. వచ్చే వారం అనుకున్నది తేలిగ్గా వచ్చే ఏడాదికి పోతుంది. ఆ ఇంటి విషయంలో వచ్చే ఏడాది అనే మాట నా నోట రాదు. దారిలో చూద్దామనుకున్న ఉప్పు మైదానాలు, టాహో సరస్సు అన్నీ వదిలేయడానికి సిద్ధంగా ఉన్నాను. ఊళ్లు ఎప్పుడైనా చూడవచ్చు.

చంద్రవంక

అక్కా, నేను శాక్రమెంటోలో ఉంటాను. మా ఇంట్లో కూడా డయాలసిస్ నడిచింది. మీరు మంగళవారమే వెళ్లండి. బుధవారం కోసం ఊరి బయట కాచుకోవద్దు.

ఎందుకో చెబుతాను. ఒక్కో విడతకు దాదాపు నాలుగు గంటలు పడుతుంది. ఆయనను లోపల కుర్చీలో కూర్చోబెట్టి సూదులు పెట్టాక, బయట మీ స్నేహితురాలికి చేయడానికి ఏమీ ఉండదు. ఇంటికి వెళ్లి రావడానికి మనసు ఒప్పదు. నేను కారులో సీటు వాల్చుకుని, ఫోను చూస్తూ, ఎవరికి ఫోను చేసినా ఏడుపు వస్తుందని ఎవరికీ చేయకుండా కూర్చునేదాన్ని. వారమంతటిలో ఆవిడ ఆయనకు అందుబాటులో ఉండనక్కరలేని గంటలు అవే. ఇంటికి వెళితే మీరు ఇద్దరినీ చూస్తారు. ఆ గంటల్లో వెళితే ఆవిడను చూస్తారు. మీ దగ్గర పొయ్యి, మంచం, బాత్రూము ఉన్న బండి ఉంది! ఆ సెంటరు పార్కింగులో పెట్టుకోవచ్చా అని ముందురోజు ఫోను చేసి అడగండి.

ఆయన బయటికి వచ్చాక మాత్రం మాటలు పెట్టుకోకండి. నీరసం, తలనొప్పి, ఒక్కోసారి కాళ్లు పట్టేయడం ఉంటాయి. ఆ సాయంత్రం నిద్రపోనివ్వండి. బుధవారం పొద్దున ఆయనతో కూర్చోండి, అప్పుడు తేటగా ఉంటారు. మీకోసం డయాలసిస్ రోజు మార్చుకోమని పొరపాటున కూడా అనవద్దు, ఒక్క విడత తప్పినా ప్రమాదమే.

తినేవి ఏం తీసుకెళుతున్నారు? గోంగూర పచ్చడి, కందిపొడి అయితే ఆవిడకు విడిగా ఇవ్వండి, బల్ల మీద పెట్టకండి. ఉప్పు దాహం పెంచుతుంది. ఆయన రోజుకు తాగే నీళ్లకు కొలత ఉంటుంది. మనవాళ్లు ఆప్యాయంగా "ఇంకో గ్లాసు మజ్జిగ తాగండి" అంటారు చూడండి, ఆ మాట అనకూడదు. టమాటా, అరటిపండు, కొబ్బరినీళ్లు, ఆకుకూరల్లో పొటాషియం ఎక్కువ, అది గుండెకు ప్రమాదం. పాలు, పెరుగు, గింజలు, పప్పుల్లో భాస్వరం ఎక్కువ, అదీ తగ్గించాలి. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు, అది అసలు వద్దు. తెల్లన్నం, సొరకాయ, క్యాబేజీ, కోడిగుడ్డు తెల్లసొన మాకు బాగా సరిపోయేవి. బంగాళాదుంప వండితే చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. ఆయనకు వాళ్ల డైటీషియన్ చెప్పిందే ప్రమాణం, అందుకని ముందు మీ స్నేహితురాలిని అడగండి. ఇంకొకటి, ఆయన చేతికి ఫిస్ట్యులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలను కలిపిన చోటు) ఉంటే ఆ చేయి పట్టుకుని పలకరించకండి, రెండో చేయి అందుకోండి.

ఉప్పుగాలి

మీ అందరికీ జరిగింది చెప్పకపోతే నాకు తోచదు. ఎల్కో నుంచి రాస్తున్నాను, నెవాడాలో పడ్డాం.

సోమవారం తెల్లవారుజామున మాకు కూడా దారి తెరిచారు. చీకట్లోనే బయలుదేరాం. ఎల్క్ మౌంటెన్ దగ్గర స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టుకోవలసి వచ్చింది గానీ, కెమెరాలో చూసినదానికంటే ఎక్కువేమీ లేదు. లారమీవాసి గారు చెప్పిన కంచెల వెనక మంచు మనిషెత్తు పేరుకుని ఉంది, రోడ్డు మాత్రం పొడిగా ఉంది. ఒక లెక్క ఇంత అందంగా పనిచేయడం చూసి లెక్కల టీచరుగా నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఎవన్‌స్టన్‌లో రాత్రి ఆగి, మంగళవారం పొద్దున సాల్ట్ లేక్‌లో దిగాం.

చంద్రవంక గారూ, మీరు చెప్పినట్టే చేశాం. సెంటరువాళ్లు పార్కింగులో ఒక చివర నిలుపుకోమన్నారు. ఆయన లోపలికి వెళ్లాక నా స్నేహితురాలు బండి ఎక్కింది. ఉప్మా చేసి పెట్టాను. సగం తిని, "కాసేపు నడుము వాల్చనా" అని అడిగింది. నా దగ్గర అనుమతి అడగవలసిన మనిషా తను! పడుకున్నది వెంటనే నిద్రపోయింది. నేను మాట్లాడాలనుకున్నవి ఎన్నో ఉన్నాయి. లేపలేదు. మావారు కిందకు దిగి పార్కింగంతా నడుస్తూ గడిపారు. లేచాక కాఫీ ఇచ్చాను. అప్పుడు మొదలుపెట్టి, ఆయన బయటికి వచ్చేదాకా తనే మాట్లాడింది. మొదటిసారి ఆ సూది లావు చూసి తను గోడ పట్టుకోవడం, ప్రతి పొద్దున ఆయన బరువు, బీపీ రాసే నోటుపుస్తకం, కిడ్నీ మార్పిడి జాబితాలో పేరు ఉండటం, ఫోను మోగినప్పుడల్లా అదేనేమో అనుకోవడం. ఇవేవీ మా వాట్సాప్ గుంపులో ఒక్కరికీ తెలియవు. అక్కడ తను అందరి పుట్టినరోజులకూ పూలబొమ్మలు పెడుతూ ఉంటుంది.

బుధవారం పొద్దున ఇంటికి వెళ్లాం. సొరకాయ కూర, అన్నం బండిలోనే వండి తీసుకెళ్లాను, తనను పొయ్యి ముట్టించనివ్వలేదు. ఆయన మెకానికల్ ఇంజనీరు. భోజనం కాగానే క్యాంపర్ చూస్తానన్నారు. డ్రైవరు సీట్లో కూర్చుని మావారిని ఇంజను గురించి, బ్రేకుల గురించి తెగ ప్రశ్నలు వేశారు. తను ఆ కిటికీలోంచి ఆయన్ని చూస్తూ "ఈయన ఇంతసేపు మాట్లాడి ఎన్నాళ్లయిందో" అంది. గోంగూర పచ్చడి సీసా మాత్రం తన చేతికి విడిగా ఇచ్చాను. అల్మరాలో పప్పుల డబ్బా వెనక పెట్టుకుంది.

గురువారం మధ్యాహ్నం తను మళ్లీ అక్కడే ఉంటుంది. అందుకని ఫోర్ట్ కాలిన్స్, డెన్వర్, ఫ్రీమాంట్ వాళ్లందరితో మాట్లాడాను. మంగళ, గురు, శనివారాలు పంచుకున్నాం. ఆ గంటల్లో ఎవరో ఒకరు తనకు ఫోను చేయాలి, ఎలా ఉన్నారని అడగకుండా మామూలు కబుర్లు చెప్పాలి. మంగళవారాలు నావి. ఫ్రీమాంట్‌వాళ్లను వనభోజనాలు మా కోసం జరపవద్దని గట్టిగా చెప్పాను. పార్కులో చోటు తీసుకున్నారు, పిల్లలు సెలవు చూసుకున్నారు. చేరగలిగితే పులిహోర నాది. చేరలేకపోతే వారం మధ్యలో ఒక్కొక్కరి ఇంటికీ వెళతాను, నాకు అదే ఎక్కువ ఇష్టం కూడా.

ఇప్పుడు ముందున్నది డోనర్ కనుమ, 7,239 అడుగులు. శనివారం మంచు పడవచ్చని చెబుతున్నారు. వెనక జంట చక్రాలు ఉన్న క్యాంపర్‌కు, మంచులో జారకుండా చక్రాలకు చుట్టే గొలుసులు వేసి ఆ దారిలో వెళ్లినవారు ఉన్నారా? గొలుసులు ఇక్కడ ఎల్కోలోనే కొనుక్కోవాలా, రీనోలో దొరుకుతాయా? లేక రీనోలోనే ఆగి, మంచు తీసేశాక సోమవారం వెళ్లడం మంచిదా?

గోదారి గట్టు

గొలుసులు ఎల్కోలోనే కొనండి. తుఫాను ముందురోజు రీనోలో మీ చక్రాల కొలత దొరుకుతుందన్న నమ్మకం లేదు. కొన్నాక పొడి నేల మీద మీవారిచేత ఒకసారి వేయించి చూడండి. అయినా నా సలహా ఒకటే: శనివారం మధ్యాహ్నం లోపు కనుమ దాటలేకపోతే రీనోలో ఆగిపోండి. ఈసారి నేను విమానం మాట ఎత్తను.